ఫ్యాక్టరీ మెట్టు ఎక్కకుండానే కువైట్‌కి

ప్రశ్న: మా ఊళ్ళో ఇప్పుడు కోతలకి మనుషుల్ని పిలవడం లేదండీ. మిషన్ వచ్చి గంటలో ఎకరం కోసిపోతోంది. జనం వ్యవసాయం నుంచి పరిశ్రమలకు, అక్కణ్ణుంచి సేవల రంగానికి మళ్ళుతారని మా అబ్బాయి ఎకనామిక్స్ పుస్తకంలో ఉంది. మా వీధిలో వాళ్ళు మాత్రం నేరుగా కువైట్‌లో ఇంటిపనికీ, హైదరాబాద్‌లో డెలివరీకీ వెళ్ళారు. పుస్తకం తప్పా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: తప్పు కాదమ్మా, వేరే ఊళ్ళను చూసి రాసింది. ఆ మూడు మెట్లూ భీమవరంలో ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద గీసినవాణ్ణి, నిందలో నాకూ వాటా ఉంది.

దక్షిణ కొరియానే తీసుకోండి. 1960ల మొదట్లో పనిచేసేవాళ్ళలో నూటికి 60 మందికి పైగా పొలాల్లో, చేపలవేటలో ఉండేవారు. ఇప్పుడు ఐదారుగురే. మధ్యలో పల్లెటూరి ఆడపిల్లలు వేలకు వేలు సియోల్ వెళ్ళి బట్టల మిల్లుల్లో, సవరాల ఫ్యాక్టరీల్లో చేరారు. (సవరాలే! ఒకప్పుడు వాళ్ళకి డాలర్లు తెచ్చిన సరుకుల్లో విగ్గులొకటి.) అమెరికాలో 1900 నాటికి నూటికి 40 మంది దాకా సేద్యంలో ఉంటే, ఇప్పుడు ఇద్దరు కూడా లేరు. అక్కడ పొలం వదిలినవాణ్ణి డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీ లాంటివి పిలిచాయి.

మనకి మిషన్ వచ్చింది గానీ పిలిచే ఫ్యాక్టరీ రాలేదు. పైగా వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువుకి ఊడ్పులుండవు, కలుపుతీతలుండవు. మేత వేసేవాడూ రాత్రి కాపలావాడూ ఉంటే సరి. రొయ్యలు వలిచే ప్లాంట్లు ఆడవాళ్ళకి కొంత పనిచ్చాయి, నిజమే. సరుకు రాని రోజుల్లో ఆ కూలీ లేదు.

మా నాన్నగారి దగ్గర పాలేరుగా చేసినాయన మనవడు హైదరాబాద్‌లో డెలివరీ చేసేవాడు. 2020 లాక్‌డౌన్‌లో బండి మీదే ఊరొచ్చేసి, ఆ సార్వాకి మా చేలో నారుకట్టలు మోశాడు. తాత ఇంకొకళ్ళ చేత మోయించేవాడు, పాపం వీడికి గట్టు మీద నడక కూడా సరిగా రాదు. వాడొక్కడే కాదు. ప్రభుత్వ శ్రామిక సర్వే ప్రకారం దేశంలో పనిచేసేవాళ్ళలో వ్యవసాయం వాటా 2018-19లో 42.5 శాతం, మరుసటి ఏడాదికే 45.6. తగ్గాల్సిన అంకె పెరిగింది, 2023-24లోనూ 46 దగ్గరే ఉంది. దేశ ఆదాయంలో వ్యవసాయానిది ఐదో వంతు కూడా లేదు. దాదాపు సగం మంది పంచుకోవాల్సింది అదే.

మీ అబ్బాయిని పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయమనండి. మార్కులు దానికే వేస్తారు.