హాజరు సంతకం ఒప్పుకోలు కాదు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది పాడేరు దగ్గర కొండ ఊరు. ప్రపంచ బ్యాంకు అప్పుతో కట్టే పనికి కొంత భూమి కావాలని మీటింగు పెట్టి, వచ్చినవాళ్లందరి చేతా సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. ఇప్పుడు అడిగితే ‘మీ ఊరు ఒప్పుకుందిగా’ అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక గిరిజన యువకుడు

జవాబు: బాబూ, ముందు ఆ కాగితం నకలు తీసుకో. పైన ఏం రాసుందో చూడు. హాజరుపట్టీ అయితే మీరు వచ్చారనడానికే అది రుజువు.

ఇలాంటి ప్రాజెక్టుల్లోనే చేసి రిటైరయ్యాను కాబట్టి నా తప్పు కూడా చెబుతా. ఒకసారి సంత రోజున మీటింగు పెట్టాం. సగం ఊరు సంతలోనే ఉంది. ఉన్నవాళ్లకు లావుపాటి తెలుగు రిపోర్టు పది నిమిషాల్లో చదివేశాం. వెనక నించున్న ముసలమ్మ తమ గిరిజన భాష కువిలో ఏదో అడిగింది. మాకెవరికీ కువి రాదు. జాకర దేవత రాళ్లు కూడా పోతాయా అని అడిగిందని తర్వాత తెలిసింది. అప్పటికే మినిట్స్‌లో, అంటే మీటింగు రికార్డులో, ‘అభ్యంతరాలు లేవు’ అని రాసేశాను.

బ్యాంకు పర్యావరణ, సామాజిక ప్రమాణాలు 2018 అక్టోబరు నుంచి అమల్లో ఉన్నాయి. ఏడోది ఆదివాసీల గురించే. తరతరాలుగా వాడుకునే భూమి, అడవి దెబ్బతిన్నా, ఊరు కదలాల్సి వచ్చినా, దేవతా స్థలాలకు పెద్ద నష్టం జరిగినా ముందుగా, బలవంతం లేకుండా, అన్నీ తెలిపి సమ్మతి తీసుకోవాలి. అది దొరక్కపోతే మీకు సంబంధించిన ఆ భాగం ముందుకు పోకూడదు. అయితే ఊళ్లో కొందరు వద్దన్నంత మాత్రాన సమ్మతి లేనట్టు కాదు. కాబట్టి నువ్వొక్కడివే రాస్తే చాలదు, ఊరు కూర్చోవాలి.

మన చట్టం ఇంకా గట్టిది. మీది షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన గిరిజన ప్రాంతం. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ప్రకారం సేకరణకు గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలి. కలెక్టరుకు రాసేటప్పుడు దీన్నే ముందు పెట్టండి.

తర్వాత ఢిల్లీలోని బ్యాంకు ఆఫీసుకు రాయండి. వాళ్లు సరిగా పట్టించుకోకపోతే, బ్యాంకు తన నియమాలు పాటించలేదన్న ఫిర్యాదులు చూసే తనిఖీ ప్యానెల్ ఉంది. బ్యాంకు అప్పిచ్చిన నర్మద మీది సర్దార్ సరోవర్ డ్యామ్ గొడవల తర్వాత 1993లో దాన్ని పెట్టారు. ఇద్దరు బాధితులు కలిసి రాస్తే చాలు, తెలుగులోనే రాయొచ్చు, పేర్లు బయటపెట్టవద్దని కోరవచ్చు.

ఉత్తరంలో మీటింగు తేదీ, ఏ భాషలో మాట్లాడారు, ఆడవాళ్లు ఎందరున్నారు, అన్నీ రాయండి. ఆ రోజు సంతా కాదా అన్నది మాత్రం మరవకు.