మూత జోలికి పోకముందు

చిత్తూరు,
ఆదివారం రాత్రి

తల్లీ,

పొద్దున మీ నాయన ఫోన్ చేసినాడు. నువ్వు కొన్న సెకండ్ హ్యాండ్ టర్బో పెట్రోలు కారు ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ నీళ్ళు తాగుతా ఉందనీ, వారానికి అర లీటరు పోస్తా ఉండావనీ చెప్పినాడు. ఏ షెడ్డుకీ ఇవ్వకుండా నువ్వే కనుక్కుంటానని పట్టుబట్టినావంట. వచ్చే నెల అదే బండిలో అమ్మానాయనల్ని కొండకు పిల్చుకుపోతావంట. ఫోన్ పెట్టేసి మీ పెద్దమ్మతో అన్నా, మన ఇంట్లో స్పానర్ పట్టే చెయ్యి ఇంకొకటి వచ్చింది అని. ఆ సంతోషం మధ్యాన్నం దాకా కూడా నిలవలేదు. అన్నం ముందర కూర్చుంటే ముద్ద దిగలేదు. ఎందుకో ఇందులోనే రాస్తా, చివరిదాకా చదువు.

సులువైనవి ముందు చెప్పేస్తా. కూలెంట్ ఎంత ఉందో బండి చల్లగా ఉన్నప్పుడే చూడాల. మాన్యువల్లో రాసిన రకమే పొయ్యి, రంగు ఒకటే కదా అని వేరేది కలపొద్దు. పోసిన ప్రతిసారీ బండిలోని కూలెంట్ డబ్బా మీద మార్కర్‌తో గీత గీసి తేదీ, కిలోమీటర్లు రాసుకో.

రాత్రంతా నిలబెట్టిన బండిని పొద్దున్నే స్టార్టు చెయ్యకముందు రేడియేటర్ పై పైపు వేళ్ళతో నొక్కి చూడు. మెత్తగా ఉండాల. వేడికి పుట్టిన ప్రెషర్ నీళ్ళు చల్లారితే దిగిపోతుంది. తెల్లారినా దిగలేదంటే లోపల గ్యాసు చేరిందని అర్థం. మెత్తగానే ఉంటే స్టార్టు చేసి మళ్ళీ నొక్కు. ఇంజను గోరువెచ్చగా కూడా కాకముందే, ఒకటి రెండు నిమిషాల్లో పైపు రాయి మాదిరి అయితే హెడ్ గ్యాస్కెట్ మీద, అంటే ఇంజను బ్లాకుకూ దాని పైనుండే హెడ్డుకూ మధ్య బిగించే పల్చటి రేకు మీద, అనుమానం పెట్టుకో. సిలిండర్లో మండిన గ్యాసు గ్యాస్కెట్ దాటి నీళ్ళలోకి వస్తా ఉంటుంది. కానీ ఈ మధ్య ఎవరైనా కూలెంట్ మార్చి గాలి సరిగ్గా తియ్యకుంటే కూడా నీళ్ళు బయటికి తన్నేస్తాయి. ముందు గాలి తీసి చూడు, ఆ తర్వాతే గ్యాస్కెట్ మాట.

బయటి లీకుకు ప్రెషర్ టెస్టర్ కావాల. నా దగ్గరుంది, తెస్తా. చల్లటి బండికి రేడియేటర్ మూత జాగాలో దాన్ని బిగించి, మూత మీద ఎంత ప్రెషర్ రాసుంటే అంతే గాలి కొట్టాల. 1.4 బార్ అని ఉంటే 1.4 దాటొద్దు. ఇరవై నిమిషాలు ముల్లు కదలకూడదు. దిగిందా, టార్చి పట్టుకో. వాటర్ పంపు కింద చిన్న బెజ్జం, పైపుల క్లిప్పులు, రేడియేటర్ ప్లాస్టిక్ అంచు, అన్నీ చూడు. కారు లోపల తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు, కాళ్ళ కింద మ్యాటు తడి ఉంటే హీటర్ కోర్, అంటే కారు లోపల వెచ్చబెట్టే చిన్న రేడియేటరు, కారుతున్నట్టు.

ఇంజనులోకి గాలిని నెట్టే టర్బో దగ్గర మాత్రం తొందర పడొద్దు. చాలా టర్బోలకు చల్లార్చడానికి కూలెంట్ పైపు వస్తుంది, దాన్ని బిగించే లోపల బెజ్జమున్న బ్యాంజో బోల్టూ రాగి వాషర్లూ ఉంటాయి. ఆ వాషరు అలిసిపోతే చుక్క చుక్కగా కారుతుంది. ఆ చుక్క నేల మీద పడదు, కాలే టర్బో మీదనే ఆవిరైపోతుంది. బండి కింద అట్ట పరిచి పొద్దున్నే చూసి "ఎక్కడా తడి లేదే" అనుకుంటావు. తడి కోసం వెతకొద్దు, మరక కోసం వెతుకు. ఎండిన కూలెంట్ తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు ఉంటుంది. ఇరవై రూపాయల వాషరుకు హెడ్డు దించిన షెడ్లు నేను చూసినా.

ఇప్పుడు నాకు ముద్ద దిగని సంగతి. మీ నాయన కుడి చేతి మీద మచ్చ నీకు తెలుసు. చిన్నప్పుడు నువ్వు అడిగితే అన్నం వారుస్తుంటే గంజి పడిందని చెప్పినాడు. అది అబద్ధం తల్లీ. అది నా తప్పు.

2003 ఎండాకాలం. అప్పటికి నీకు మూడేళ్ళు. పలమనేరు దావలో జనాన్ని తోలే టర్బో డీజిల్ జీపొకటి మన షెడ్డుకు వస్తా ఉండె. మూత పక్కన పైపులో నుంచి నీళ్ళు తన్నేస్తా ఉందని దాని ఓనరు మూడుసార్లు తెచ్చినాడు. మూడుసార్లూ షెడ్డు ముందరే ఐడిల్‌లో, ఆక్సిలేటర్ తొక్కకుండా, పెట్టి చూసినా. ఒక్క బుడగ కూడా రాలేదు. మూత స్ప్రింగు పోయిందని తీర్మానించేసినా. 0.9 బార్ మూత ఉన్న చోట అంతకంటే గట్టి మూత తెచ్చి బిగించినా. నీళ్ళు తన్నడం ఆగింది. వారం రోజులు ఎంత గర్వంగా తిరిగినానో.

ప్రెషర్ ఎక్కడి నుంచి వస్తా ఉందని నేను అడగలేదు, అది బయటికి పోయే దారి మూసేసినా. ఐడిల్‌లో గమ్మున ఉండే గ్యాస్కెట్ టర్బో ఊపు అందుకొని మిట్ట ఎక్కేటప్పుడే తెరుచుకుంటుంది. ఆ బుద్ధి నాకు అప్పుడు లేదు.

మొగిలి ఘాట్లో బండి నిలిచిపోయింది. నేనూ మీ నాయనా స్కూటర్ మీద పోయినాం. తాళం తిప్పి చూస్తే టెంపరేచర్ ముల్లు కింద ఉంది. చల్లారిపోయింది, విప్పరా అన్నా. నీళ్ళు తక్కువై సెన్సార్ తేలిపోయినప్పుడు ముల్లు అబద్ధం చెప్తుందని నాకు తట్టలేదు. వాడు గుడ్డ పట్టుకొని మూత తిప్పినాడు.

ఒక బార్ ప్రెషర్ కింద నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు. ఆ ప్రెషర్ ఒక్కసారి వదిలితే ఉన్న నీళ్ళలో కొంత అప్పటికప్పుడే ఆవిరైపోయి మిగతావాటిని పైకి తంతుంది. మోచేతి నుంచి భుజం దాకా పడింది. పదిహేడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. మీ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, రోజూ నాకు కూడా క్యారియరు కట్టి పంపింది. తర్వాత హెడ్డు దించితే రెండో సిలిండర్ పక్కన గ్యాస్కెట్ మీద నల్లటి గీత, బియ్యపు గింజంత.

అందుకే చెప్తా ఉండా. వేడి బండి మూత జోలికి పోవద్దు. గుడ్డ వేసి కూడా వద్దు, కొంచెం కొంచెం తిప్పి కూడా వద్దు. ముల్లు ఏమన్నా చెప్పనీ. పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లగా, నొక్కితే మెత్తగా అయ్యేదాకా ఆగు. గంటలు పడితే గంటలే. అంకె ఎక్కువున్న మూత ఎవరిచ్చినా తీసుకోవద్దు. ఎవరో ఏంది, నేనే ఇచ్చినా సరే.

గ్యాసు చూసే నీలం మందు దొరుకుతుంది. కూలెంట్ డబ్బాలో నీళ్ళ పైనుండే గాలిని దాని గుండా లాగితే, మండిన గ్యాసు ఉంటే పసుపు అవుతుంది. నీలంగానే ఉంటే ఇంటి ముందర ఐడిల్‌లో చూసి నమ్మొద్దు. చంద్రగిరి దాకా పోయి రా, రోడ్డు ఖాళీగా ఉన్నచోట నాలుగైదుసార్లు గట్టిగా తొక్కు, ముల్లు పైకి పోతే అక్కడే ఆపెయ్యి. వచ్చి రాత్రంతా నిలబెట్టు. పొద్దున పైపు ఏం చెప్తుందో చూడు. స్పార్క్ ప్లగ్గులు కూడా విప్పు, మూడు నల్లగా ఉండి ఒకటి కడిగినట్టు తెల్లగా ఉంటే నీళ్ళు ఆ సిలిండర్లోకే పోతా ఉన్నాయి. ఆయిల్ మూత కింద నీళ్ళు కలిసిన ఆయిల్ వెన్న మాదిరి పేరుకోలేదు కదా అని గ్యాస్కెట్ బాగుందనుకోవద్దు, గ్యాసు నీళ్ళలోకి మాత్రమే పోతుంటే ఆయిల్ శుభ్రంగానే ఉంటుంది.

ఇది తేలేదాకా అలిపిరి దాటొద్దు. స్వామి ఎక్కడికీ పోడు. మిట్ట మీద టర్బో గుంజేటప్పుడు వెనక సీట్లో మీ నాయన కూర్చోనుంటాడు, బండి ఆగితే అందరికంటే ముందు మూత దగ్గరికి పోయేది ఆయన చెయ్యే. ఇన్నేళ్ళయినా ఆయన మారలేదు.

ఈ ఉత్తరం ఆయనకు చూపించు. నీకు నిజం చెప్పినానని తెలియాల.

శుక్రవారం సాయంత్రం చంద్రగిరి పోయి రా. శనివారం ఆరు గంటలకు టెస్టర్ పట్టుకొని మీ ఇంటి ముందర ఉంటా. చంద్రగిరి నుంచి వచ్చినాక అంతదాకా స్టార్టు చెయ్యొద్దు. పైపు నువ్వే నొక్కు, నేను పక్కన నిలబడతా.

మీ పెద్దనాయన