డెబ్భైల నాటి భయం గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

1970ల హారర్ సినిమాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది, చదివించే గుణమూ ఉంది. కానీ “ఆ రోజులే వేరు” అన్న మాట దగ్గర చతికిలపడింది. ఆ రోజులు నువ్వు చూడనే లేదు. ‘హాలోవీన్’ 1978లో వచ్చేనాటికి నువ్వు పుట్టలేదు. అయినా చూసి భయపడ్డావు కదా! అంటే ఆ భయానికి పాత జ్ఞాపకాలతో పనిలేదన్నమాట. మరి దేనితో పని? నీ వ్యాసంలో అదొక్కటే లేదు.

నాకు తోచింది చెప్తాను. వాటిలో గట్టి సినిమాలు సగమే చూపించి, తక్కిన సగం మన నెత్తిన పెడతాయి. ‘టెక్సస్ చైన్‌సా మాసకర్’ (1974)లో నెత్తురు ఏరులై పారిందని రాశావు. మళ్లీ చూడు. అమ్మాయిని కొక్కేనికి తగిలించే సీనులో అది ఒంట్లో దిగడం ఎక్కడా కనబడదు. దిగినట్టు ఊహించుకున్నది నువ్వే. దర్శకుడు టోబీ హూపర్ కాస్త మెతక సర్టిఫికెట్ వస్తుందని ఆశపడి నెత్తురు తగ్గించాడు, అయినా దక్కలేదు. సెన్సార్ వాళ్లకూ నీలాగే కనబడి ఉంటుంది! అందుకే గుర్తున్నదాన్ని నమ్ముకుని సినిమా గురించి రాయకు. సీను పెట్టుకుని, ఆపి ఆపి చూసి రాయి.

‘హాలోవీన్’ పేరాలో హంతకుడి ముసుగు, కత్తి, బడ్జెట్ అన్నీ ఉన్నాయి. ‘స్టార్ ట్రెక్’ సీరియల్ హీరో కెప్టెన్ కిర్క్ ముసుగు కొని తెల్లరంగు వేశారన్నది అందరూ చెప్పే ముచ్చటే, వదిలెయ్. ఒక్క షాట్ దగ్గర కూర్చో. హీరోయిన్ లారీ ఏడుస్తూ గోడకు ఆనుకుని నిలబడుతుంది. పక్కనే గుమ్మం, లోపల కటిక చీకటి. అందులోంచి ఓ తెల్లటి మొహం మెల్లగా తేలుతుంది. కెమెరామన్ డీన్ కండీ చేసిందల్లా ఒక చిన్న లైటును డిమ్మర్‌తో కొద్దికొద్దిగా పెంచడమే. మొహం మొదట్నుంచీ అక్కడే ఉందనీ, మన కళ్లే ఆలస్యంగా పసిగట్టాయనీ అనిపిస్తుంది. ఇక తెర మీద ఏ చీకటి మూల వచ్చినా మనమే వెతుక్కుంటాం, దర్శకుడికి శ్రమ తప్పింది. ఆ దర్శకుడు జాన్ కార్పెంటర్ చివర్లో దీన్నే వాడుకున్నాడు. హంతకుడు మాయమయ్యాక ఖాళీ గదులు, మెట్లు, ఇళ్లు, వాటి మీద ఊపిరి చప్పుడు. సినిమా అయిపోతుంది. కార్పెంటరే కట్టిన ఆ పియానో బాణీ కూడా ఐదు మాత్రల నడక. చిన్నప్పుడు అతనికి తండ్రి బాంగో డ్రమ్ముల మీద నేర్పిన లెక్కట. నాలుగుకు అలవాటుపడ్డ చెవికి అడుగు ఎక్కడ వేయాలో తెలియదు.

“డబ్బు లేకపోవడమే వాళ్లకు వరమైంది” అన్నావు. ఈ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ఆ దశాబ్దంలో చౌకగా తీసిన చెత్త కుప్పలుతెప్పలు. దెయ్యం పట్టిన పిల్ల కథ ‘ది ఎక్సార్సిస్ట్’ (1973)కి డబ్బుకు కొదవ లేదు, నటుల ఊపిరి ఆవిరిలా కనబడాలని గది సెట్‌నే గడ్డకట్టేంత చల్లబరిచారు. ‘జాస్’ (1975)కీ పెద్ద స్టూడియోనే వెనక ఉంది (అది హారరా కాదా అని కొట్టుకునేవాళ్లను కొట్టుకోనీ). యంత్రపు సొరచేప ఉప్పునీళ్లలో మొరాయించింది కాబట్టి దర్శకుడు స్పీల్‌బర్గ్ దానికి తగిలించిన పసుపు పీపాలు చూపించి నెట్టుకొచ్చాడు.

‘ఎక్సార్సిస్ట్’లో నువ్వు తల గిర్రున తిరిగే సీను పట్టుకున్నావు. నిజం చెప్పాలంటే ఇప్పుడది కొంచెం నవ్వు తెప్పిస్తుంది. ఆసుపత్రి సీను చూడు. పిల్ల మెడలో సూది, చిమ్మిన నెత్తురు, దడదడలాడే ఎక్స్‌రే మెషిన్. పరీక్షల్లో ఏమీ తేలదు, పిల్ల మాత్రం చేయి దాటిపోతూ ఉంటుంది. చివరికి దేవుడంటే నమ్మకం లేని తల్లికి డాక్టర్లే భూతవైద్యం సంగతి ఎత్తుతారు. దెయ్యాల్ని నమ్మనివాణ్ణి కూడా కూర్చోబెట్టేది ఈ భాగమే. ఆసుపత్రి టెన్షన్ ఎరగనివాడు ఎవడుంటాడు? నీ వ్యాసంలో సగం దీనికే ఇచ్చినా తప్పులేదు.

కొత్త సినిమాలను తిట్టిన ఆఖరి పేరా మొత్తం కొట్టెయ్. ఆ గొణుగుడు నా వయసువాళ్లది, నీకు నప్పదు. శీర్షిక చివర మూడు ఆశ్చర్యార్థకాలు కూడా అక్కర్లేదు. ఈసారి పంపేటప్పుడు ఏ సీను ఎన్నో నిమిషంలో వస్తుందో పక్కన రాయి, నేనూ పెట్టుకుని చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య