కొలెస్ట్రాల్ మాత్రను సొంతంగా ఆపవద్దు

ప్రశ్న: నా వయసు 58. ప్రొద్దుటూరులో బట్టల దుకాణం నడుపుతున్నాను. రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. అప్పటి నుంచి కొలెస్ట్రాల్ మాత్ర అటోర్వాస్టాటిన్ 40 మి.గ్రా. వాడుతున్నాను. ఇటీవల రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ (కాలేయ ఎంజైము) 68 వచ్చింది. ఈ మాత్రతో కాలేయం చెడిపోతుందని తెలిసినవారు చెప్పడంతో నెల రోజులుగా ఆపేసి, తిప్పతీగ కషాయం తాగుతున్నాను. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు మందుల షాపులో మాత్రలు తెచ్చుకుంటాను. కాలేయ పరీక్ష ఎన్ని నెలలకోసారి చేయించుకోవాలి?

సలహా: మీరు అడిగింది కాలేయం గురించే అయినా, మీ ఉత్తరంలో నాకు కలవరం కలిగించింది మాత్ర ఆపేసి నెల కావడం. స్టెంట్ ఉన్నవారికి స్టాటిన్ (మీ అటోర్వాస్టాటిన్ ఈ రకం మందే) ఇచ్చేది రిపోర్టులో కొలెస్ట్రాల్ అంకె తగ్గించడానికి మాత్రమే కాదు. రక్తనాళాల గోడల్లో పేరుకున్న కొవ్వు చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టి, మళ్లీ గుండెపోటు వచ్చే ముప్పును తగ్గించడానికి. రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్ వంటి మాత్రలను కూడా దీనితోపాటే ఆపేశారేమో మీరు రాయలేదు. ఆపి ఉంటే ఈ రోజే మీ గుండె వైద్యుడిని సంప్రదించండి.

ఇక ఎస్‌జీపీటీ సంగతి. చాలా ల్యాబుల్లో దీని గరిష్ఠ పరిమితి 40 ప్రాంతంలో ఉంటుంది. సాధారణంగా అది పరిమితికి మూడు రెట్లు దాటి, మళ్లీ చేసిన పరీక్షలోనూ తగ్గకపోతేనో, బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పచ్చ పదార్థం) కూడా పెరిగితేనో మాత్ర తగ్గించడమో, ఆపడమో ఆలోచిస్తాం. 68 ఆ స్థాయి కాదు. మధుమేహం, పొట్ట ఉన్నవారిలో ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు పేరుకోవడం) వల్లే ఈ మాత్రం పెరుగుదల తరచుగా కనిపిస్తుంది. ఫ్యాటీ లివర్ ఉన్నంత మాత్రాన స్టాటిన్ మానవలసిన పని లేదు. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆపైన లక్షణాలను బట్టి పరీక్ష చేస్తే చాలని, నెలనెలా అక్కర్లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లోనే సూచనలు మార్చింది. అయితే మీకు ఇప్పటికే కొంత పెరుగుదల ఉంది కనుక కొన్ని వారాల్లో మరోసారి చేయించడం, హెపటైటిస్ బి, సి పరీక్షలు, కడుపు స్కానింగ్ అవసరమా అన్నది మిమ్మల్ని చూసిన వైద్యుడే నిర్ణయించాలి.

కాలేయానికి హాని చేస్తాయేమోనని నా అనుమానం స్టాటిన్ కంటే మీ కషాయం మీద, పేరు తెలియని ఆ నొప్పి మాత్రల మీద ఎక్కువ. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. చెట్టు మందు కదా, ఏమీ చేయదని దాన్ని మందుల లెక్కలోనే వేయరు మనవాళ్లు. స్ట్రిప్పులోంచి పేరు లేని వైపు కత్తిరించి ఇచ్చిన నాలుగు మాత్రలను చూపించి ఇవేమిటని నన్నే అడిగేవారు కడపలో తరచుగా వస్తుంటారు. వెనకాల రేకు మీద అక్షరం ముక్క కూడా ఉండదు, నేనేమని చెప్పగలను? కాలేయానికి హాని చేస్తుందని అనుమానం ఉన్న మందును కొనసాగిస్తూ, గుండెకు కావలసిన మందును ఆపడం ఏం న్యాయమండీ?

కషాయం, షాపు మాత్రలు వెంటనే ఆపి, ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక కవరులో వేసుకుని, రిపోర్టుతో సహా మీ గుండె వైద్యుడి దగ్గరకు ఈ వారంలోనే వెళ్లండి. స్టాటిన్‌ను ఏ మోతాదులో తిరిగి మొదలుపెట్టాలో ఆయన చెబుతారు. ఈలోపు కళ్లు పచ్చబడినా, మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా, ఆకలి పూర్తిగా పోయినా, కండరాల నొప్పులు విపరీతమైనా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. మద్యం అలవాటు ఉంటే ఎంత, ఎన్నాళ్లుగా అన్నది వైద్యుడి దగ్గర దాచవద్దు.