వెనుక కోరల పాములను చదవాలనుకునే అమ్మాయికి ఏది దారి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. మా అమ్మాయి ఇంటర్మీడియట్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. పాముల మీద, అందులోనూ వెనుక కోరలుండే పాముల మీద పరిశోధన చేస్తానంటోంది. వాటి విషం మనిషిని ఏమీ చేయదంటూ ఈమధ్య చేనుగట్టు మీద పసిరిక పామును చేత్తో పట్టుకుని ఫొటో దిగింది. ఈ చదువు బతుకుదెరువు అవుతుందా? ఆమెను ప్రోత్సహించాలా, ఆపాలా?

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న విషయం విలువైనదే, దానితో జీవనం గడిచే మార్గాలూ ఉన్నాయి కనుక చదువును ఆపవద్దు. పామును చేత్తో పట్టుకోవడాన్ని మాత్రం ఈ రోజే మాన్పించండి.

ముందుగా ఆమె చెప్పిన మాటలో నిజమెంతో చూద్దాం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర వంటి పాములకు కోరలు నోటి ముందు భాగంలో ఉంటాయి. అవి లోపల బోలుగా ఉండి ఇంజెక్షన్ సూదిలా విషాన్ని ఎక్కిస్తాయి. వెనుక కోరల పాములకు పై దవడ చివర గాడి పడిన పళ్లుంటాయి. పై దవడ వెనుక ఉండే డువర్నాయ్ అనే విష గ్రంథి నుంచి ఊరే విషం ఆ గాడి వెంట మెల్లగా జారుతుంది కనుక, పాము ఎరను కాసేపు నోట కరచి పట్టుకోవలసి వస్తుంది. మన పసిరిక పాము, పిల్లి కన్నులా నిలువు కంటిపాప ఉండే క్యాట్ స్నేక్, కొమ్మ మీది నుంచి గాలిలోకి దూకి జారుతూ వెళ్లే ఫ్లయింగ్ స్నేక్, కోరింగ మడ అడవుల బురదలో తిరిగే కుక్కమూతి నీటిపాము, ఇవన్నీ ఈ తరహావే. వీటి కాటు వల్ల మనిషికి సాధారణంగా వాపు, నొప్పి కలిగి తగ్గిపోతాయి. అంతవరకు ఆమె మాట సరైనదే.

అయితే తక్కువ విషం అన్న మాట ఇంతవరకు తెలిసిన కాట్లను బట్టి మనుషులు కట్టిన అంచనా మాత్రమే. ఆఫ్రికాలోని బూమ్‌స్లాంగ్ కూడా వెనుక కోరల పామే. 1957లో షికాగో ఫీల్డ్ మ్యూజియంకు చెందిన కార్ల్ ష్మిట్ అనే పేరుపొందిన సరీసృప శాస్త్రవేత్తను ఒక చిన్న బూమ్‌స్లాంగ్ కరిచింది. ఆయన ప్రమాదం లేదనుకుని తన లక్షణాలను వరుసగా రాసుకుంటూ ఉండి, మరునాడు రక్తస్రావంతో చనిపోయారు. 1975లో జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టెన్స్ తాను పెంచుకుంటున్న ఆఫ్రికా ట్విగ్ స్నేక్ అనే మరో వెనుక కోరల పాము కాటుతో మరణించారు. జీవితమంతా పాముల మధ్యే గడిపిన వారికి ఈ గతి పట్టిందంటే, పదిహేడేళ్ల పిల్లకు పసిరిక పాముతో ఏమీ కాలేదన్నది రేపటికి హామీ కాదు.

మీ ప్రాంతంలో నన్ను మరింత కలవరపెట్టేది పోలిక. సా స్కేల్డ్ వైపర్ అనే చిన్న పింజరను, గోధుమ రంగు మీద తెల్లని మచ్చలుండే క్యాట్ స్నేక్‌ను ఒకదానికొకటిగా పొరబడడం మామూలు. మొదటిది దేశంలో ఎక్కువ మంది ప్రాణాలు తీసే నాలుగు పాముల్లో ఒకటి. దాని పొలుసులు గరుకుగా ఉంటాయి, బెదిరినప్పుడు ఒంటిని ఒరుసుకుంటూ రంపం కోసినట్టు శబ్దం చేస్తుంది. రెండోది సన్నగా పొడవుగా, నునుపైన పొలుసులతో, సన్నని మెడ మీద పెద్ద తలతో ఉంటుంది. చీకట్లో, టార్చి వెలుగులో, కదిలే పాము మీద ఈ తేడాలను పట్టుకోవడం అనుభవజ్ఞులకే కష్టం. అందుచేత ఏ పాము కరిచినా, అది ఏదో తేల్చుకోవడానికి కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లడమే ఇంట్లో నియమం కావాలి. మన దేశంలో వాడే పాముకాటు మందు ఆ నాలుగు పాముల విషానికే తయారవుతుంది కనుక ఏది కరిచిందో వైద్యుడికి ముఖ్యమే, కానీ రోగి లక్షణాలను చూసి ఆయనే నిర్ణయిస్తారు.

ఈ విద్యకు విలువ కూడా ఈ గుర్తింపులోనే ఉంది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు మరణాలు సుమారు 12 లక్షలని అంచనా వేసింది. కేంద్ర ప్రభుత్వం 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఏ పాము ఎక్కడ ఉంటుంది, ఏది దేనిలా కనిపిస్తుంది అన్నది చెప్పగలిగినవారు ఇటువంటి పనికి అవసరమవుతారు.

కనుగొనవలసింది కూడా ఇంకా ఎంతో ఉంది. దక్షిణ భారతమంతటా ఒకటే జాతి అనుకున్న పసిరిక పాము నిజానికి అనేక జాతుల సమూహమని 2020లో తేలింది. శ్రీలంకకే పరిమితమనుకున్న ఒక ఫ్లయింగ్ స్నేక్ మీకు దూరం కాని శేషాచలం కొండల్లో ఉన్నట్టు 2015లో నమోదైంది. ఆమెకు చెప్పండి, తప్పక సంతోషిస్తుంది: 1796లో ప్యాట్రిక్ రసెల్ అనే వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త కోరమండల్ (తూర్పు) తీరపు పాముల గురించి ప్రచురించిన గ్రంథంలో పసిరిక పామును మన తెలుగు పేరుతోనే నమోదు చేశాడు.

ఇక చదువు. డిగ్రీలో జంతుశాస్త్రం ప్రధానంగా తీసుకోమనండి; అటవీ శాస్త్రం, పశువైద్యం కూడా ఈ దారికి వస్తాయి. తర్వాత ఎమ్మెస్సీకి డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం (ఎన్‌సీబీఎస్) ఉన్నాయి. సీట్లు కొద్ది, పోటీ గట్టిది కనుక గణాంకశాస్త్రం, మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్, ఆంగ్లంలో రాసే అలవాటు డిగ్రీలోనే మొదలుకావాలి. విషాల జీవరసాయనం వైపు మొగ్గితే బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో పాము విషాలపై పనిచేసే ప్రయోగశాల ఉంది. క్యాట్ స్నేక్‌కు దగ్గరి బంధువులైన పాముల విషంలో పక్షులపైనే గట్టిగా పనిచేసి క్షీరదాలను అంతగా బాధించని ప్రొటీన్లు దొరికాయి; అది ఒక్కటే కొన్నేళ్ల పరిశోధనకు సరిపోయే ప్రశ్న. పీహెచ్‌డీ చేసేటప్పుడు, సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ద్వారా జేఆర్ఎఫ్ (జూనియర్ పరిశోధక భృతి) వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, దానిపై ఇంటి అద్దె భత్యం అందుతాయి.

ఉద్యోగాల విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టను. కేవలం పాముల పరిశోధకులుగా స్థిరమైన జీతం పొందేవారు కొద్దిమంది. జంతుశాస్త్రం చదివినవారికి అధ్యాపకత్వం, జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష తెరిచి ఉంటాయి. పాములు ఆమె ప్రత్యేకతగానూ, వీటిలో ఒకటి జీవనాధారంగానూ ఉంటే మీ భయం చాలావరకు తీరుతుంది.

ప్రస్తుతానికి ఒక నోటుపుస్తకం, దూరం నుంచి తీయగల కెమెరా చాలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పాములను అనుమతి లేకుండా పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. పరిశోధనకైనా అటవీ శాఖ అనుమతి కావాలి. అందుచేత తేదీ, సమయం, చోటు, చెట్టు, వాతావరణం, పాము చేస్తున్న పని అన్నీ రాసుకోమనండి. సెలవుల్లో ఆమెను చెన్నై దగ్గరి మద్రాస్ క్రొకొడైల్ బ్యాంకుకు తీసుకువెళ్లండి. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 1976లో స్థాపించిన ఆ మొసళ్లు, సరీసృపాల కేంద్రంలో, వృత్తిగా ఈ పని చేసేవారు ఎంత జాగ్రత్తగా మెలుగుతారో ఆమె స్వయంగా చూడగలుగుతుంది. మీరూ పక్కనే ఉండి, మీకున్న సందేహాలను వారినే అడగండి.