పాత అంబాసిడర్‌కి ఏ ఆయిల్?

ప్రశ్న: మా నాన్నగారి 1978 పెట్రోల్ అంబాసిడర్‌ని వారానికోసారి కొబ్బరితోట దాకా తిప్పుతుంటాం. షాపులో 5డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్ వేయమంటున్నారు. ఆయిల్ మూత అడుగున తెల్లటి జిడ్డు కూడా కనిపిస్తోంది, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: 5డబ్ల్యూ-30 వద్దండీ. ఆ 1489 సీసీ ఇంజిన్‌లో భాగాల మధ్య సందులు ఎక్కువ, పైగా ఇన్నేళ్ల అరుగుదల, కాబట్టి అంత పలచటి ఆయిల్ వేడెక్కాక ప్రెషర్ నిలబడదు, పాత సీళ్ల దగ్గర కారడం కూడా మొదలవుతుంది. దానికంటే చిక్కటి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ వేయండి, కోనసీమ చలికి స్టార్టింగ్ ఇబ్బందేమీ రాదు. కొనేముందు జింక్ సంగతి తప్పక అడగండి. మీ ఇంజిన్‌లో వాల్వులను తెరిపించే క్యామ్ నేరుగా ట్యాపెట్లనే లోహపు ముక్కల మీద రాసుకుంటూ తిరుగుతుంది, అక్కడ అరుగుదలను ఆపేది ఆ జింక్-ఫాస్ఫరస్ మందే. కొత్త కార్ల పలచటి ఆయిళ్లలో, పొగను శుభ్రపరిచే కేటలిటిక్ కన్వర్టర్ పాడవకూడదని దాన్ని తగ్గించారు, మీ బండికి ఆ కన్వర్టరే లేదు కదా.

తెల్ల జిడ్డు చాలావరకు తేమ వల్లే: తోట దాకా వెళ్లొస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపలి నీరు ఆవిరైపోదు. అప్పుడప్పుడూ రావులపాలెం దాకా ఆపకుండా నడపండి. రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నా, డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద ఆయిల్ పాల టీ రంగులో ఉన్నా మాత్రం బండి తీయకండి, అది హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) పోవడం కావచ్చు, వెంటనే మెకానిక్‌కి చూపించండి. బండి ఎంత తక్కువ తిరిగినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాల్సిందే.