నగరవనంలో మా కాలనీ వాళ్లం ఏం చేయగలం?

పాఠకుల ప్రశ్నలకు తిరుపతిలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన అధ్యాపకురాలి జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా ఇల్లు తిరుపతిలో కొండ కింద. పక్కనే చిన్న నగరవనం ఉంది. పొద్దున్నే మా కాలనీ ఆడవాళ్లం అక్కడే నడుస్తాం. ఏటా జూన్ 5న మమ్మల్ని పిలిచి మొక్కలు నాటిస్తారు, ఫోటోలు తీస్తారు. ఆషాఢం దాటేసరికి సగం మొక్కలు ఎండిపోతాయి. ఇంకేదైనా పని ఇవ్వండని అడిగితే "మా స్టాఫ్ ఉన్నారు కదమ్మా, మీకెందుకు శ్రమ" అన్నారు. ఇంటర్ చదివే మా అబ్బాయికి పక్షులంటే ప్రాణం. నిజంగా పనికొచ్చేది ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, శ్రమ మీకెందుకు అన్నవాళ్ల మీద కోపం పెట్టుకోకండి. ఒక్కరోజు వచ్చి వెళ్లిపోయే జనాన్ని చూసీ చూసీ వాళ్లకు అలా అనడం అలవాటైపోయింది. మీరు రోజూ వచ్చేవాళ్లు. మీరు రాకపోతే ఆగిపోయే పని ఒకటి అడిగి తీసుకోండి. అలాంటి పని చేతిలో ఉంటే ఆ వనం మీదీ అవుతుంది. మీ మాటకు విలువా వస్తుంది.

ముందు మొక్కల సంగతి. జూన్ 5 ప్రపంచానికంతా పర్యావరణ దినోత్సవమే. మన తిరుపతికి పెద్ద వానలు మాత్రం అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. జూన్ మొదట్లో ఇక్కడ ఇంకా ఎండలు మండుతుంటాయి. అప్పుడు నాటిన మొక్కకు నీళ్లు పోసే మనిషి లేకపోతే అది ఎలా బతుకుతుంది? మొక్కలు సెప్టెంబరు ఆఖర్లో ఇవ్వమని రాసి అడగండి. వాటికి రెండు వేసవులు నీళ్లు పోసే బాధ్యత మాదేనని అదే కాగితంలో రాయండి. ఇంటికి రెండు మొక్కల చొప్పున పంచుకోండి, ఎక్కువ వద్దు. రకాలు కూడా మీరే చెప్పండి. నేరేడు, మేడి, రావి పెడితే పండ్ల కోసం పక్షులు వాటంతటవే వస్తాయి. చోటుంటే మన కొండ చెట్లు ఎర్రచందనం, తంబ, తెల్లకరక అడగండి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. కొండ కిందే ఉంటూ మన పిల్లలు ఆ చెట్టు ఆకు గుర్తుపట్టలేకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

నాటడం కన్నా పెద్ద పని పీకడం. దాని గురించి ఎవరూ మాట్లాడరు. మీ వనంలో కంచె పొడుగునా గుత్తులు గుత్తులుగా రంగురంగుల పూలతో, ఆకు నలిపితే ఘాటు వాసన వచ్చే పొద ఉండే ఉంటుంది. అదే లాంటానా, మనవాళ్లు పులికంప అంటారు. ఎక్కడో అమెరికా ఖండం నుంచి తోటల అందానికి తెచ్చిన మొక్క అది. కింద గడ్డిని, చిన్న మొలకలను ఎదగనివ్వదు. పైపైన కొడవలితో కోస్తే నెల తిరక్కుండా ఇంకా గుబురుగా లేస్తుంది. కాండం, వేరు కలిసే చోటికి రెండు మూడు అంగుళాల కింద మట్టిలోనే వేరును నరికి, పొదను తలకిందులుగా ఆరబెట్టాలి. అప్పుడే అది మళ్లీ చిగురించదు. కాయలు పండకముందే ఈ పని అయిపోవాలి. పండితే పిట్టలు తిని విత్తనాలను ఊరంతా చల్లుతాయి. తీసేసిన చోటును ఖాళీగా వదిలితే మళ్లీ అదే మొలుస్తుంది కాబట్టి వెంటనే గడ్డో, మన మొక్కో పెట్టాలి. మరుసటి ఏడు వానల తర్వాత మళ్లీ వెళ్లి కొత్త మొలకలు పీకాలి. పలుగు, చేతికి గ్లౌజులు, వారానికో పూట చాలు. ఒక్క జాగ్రత్త: నగరవనం వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. కొండ మీది రిజర్వు అడవిలో మాత్రం అనుమతి లేకుండా కాలే పెట్టకూడదు.

ఇక మీ అబ్బాయి. వారంలో ఒక రోజు, ఒకే దారి, ఒకే వేళ, పదిహేను నిమిషాలు నడిచి కనిపించిన పక్షుల్నీ, వాటి సంఖ్యనీ రాయమనండి. పిగిలిపిట్ట, జెముడు కాకి, తేనెపిట్ట, పాలపిట్ట, నెమలి ఇవన్నీ మన దగ్గర కనిపించేవే. ఈబర్డ్ అనే ఉచిత యాప్‌లో ఎక్కిస్తే అది శాస్త్రవేత్తలకూ పనికొస్తుంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. అప్పుడు కాలనీ పిల్లలందరినీ కలుపుకోమనండి. ఒక ఏడాది లెక్క చేతిలో ఉంటే, వనంలో కొత్త లైట్లో, సిమెంటు దారో వేస్తామన్నప్పుడు "ఇక్కడ ఈ పిట్టలు గూడు కడుతున్నాయి" అని మీరు కాగితం చూపించి మాట్లాడగలరు. ఎన్ని ప్లకార్డులు పట్టుకున్నా రాని బలం అది.

ఇంకో మాట, కాస్త మనసులో పెట్టుకోండి. ప్రజల భాగస్వామ్యం అంటే పొద్దున నడకకు వచ్చే మనం మాత్రమే కాదు. మీ వనంలో ఊడ్చేవాళ్లు, కొండ కింద పల్లెల్లో చీపురుగడ్డి, చింతపండు ఏరుకునే ఆడవాళ్లు, యానాది కుటుంబాలు ఉంటారు. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ఏ పుట్టలో ఏముందో మనకన్నా వాళ్లకే బాగా తెలుసు. వాళ్లను పిలవండి, ముందు కూర్చోబెట్టండి, వాళ్ల రోజు కూలి పోకుండా డబ్బు ఇవ్వండి. ఉత్తచేతులతో పంపి సేవ అనడం తప్పు.

వేసవిలో కొండకు మంటలు అంటుకునే భయం ఎప్పుడూ ఉంటుంది. 2014 మార్చిలో తిరుమల అడవుల్లో రేగిన మంటలను ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. భారత అటవీ సర్వే వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే మంటల హెచ్చరికలు మామూలు పౌరులకూ ఉచితంగా వస్తాయి. ఆ పని మీ అబ్బాయికి అప్పజెప్పండి.

అధికారులు మళ్లీ కాదంటే నగరపాలక సంస్థలో జీవవైవిధ్య కమిటీ గురించి అడగండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ ఆ కమిటీ ఉండాలి, స్థానికుల సాయంతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు, అంటే ఆ ఊరి చెట్టూచేమా, పిట్టాపురుగుల చిట్టా రాయాలి. మీ లెక్కలు అందులో చేర్చమని అర్జీ ఇవ్వండి.

ప్రశ్న: ఏటా పిల్లల్ని జూకు తీసుకెళ్తున్నాం. తిరిగొచ్చాక వాళ్లకు ఐస్‌క్రీమ్ తప్ప ఏదీ గుర్తుండటం లేదు. వేరే చోటు చెప్పగలరా?
- ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాళహస్తి

జవాబు: నాయుడుపేట మీదుగా నేలపట్టు తీసుకెళ్లండి సార్. 1976 నుంచి అది పక్షుల అభయారణ్యం. అక్కడ పర్యావరణ విద్యా కేంద్రం కూడా ఉంది. చెరువు నీళ్లలో నిలబడ్డ 'కడప' అనే రకం చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. డిసెంబరు, జనవరి మంచి సమయం.

కేంద్రం చూశాక పిల్లల్ని ఊళ్లోకి నడిపించి రైతులతో మాట్లాడించండి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే పొలం బాగా పండుతుందని వాళ్ల నమ్మకం, అందుకే ఆ పక్షుల జోలికి ఎవరినీ వెళ్లనివ్వరు. ప్రశ్నలు పిల్లలనే రాసుకు రమ్మనండి. మీరు పక్కన ఉండండి, జవాబులు మాత్రం అందించకండి. కొట్టొచ్చినట్టు కనిపించే రంగుల చొక్కాలు వద్దు. గూళ్ల దగ్గర అరవడం, చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపడం అసలే వద్దు: తల్లి లేచిపోతే కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది.